నాలుగో సొరుగు

స్వెన్‌బోర్ రేవు వెనక సందులో నా కొట్టు.
ఇవాళ వాన.
తడి రోజుల్లో టేకు కొంచెం ఉబ్బుతుంది,
అలిగిన మనిషిలా
పిలిస్తే సగమే బయటికి వస్తుంది.

నిన్న వ్యాను దింపిపోయిన సొరుగుల బల్ల.
నడుమెత్తు. నాలుగు సొరుగులు, నాలుగూ ఒకే కొలత.
పిడుల్లేవు, ఇత్తడి లేదు,
లతల్లేవు, సింహపు కాళ్లు లేవు.
ప్రతి సొరుగు పై అంచునా
వేళ్లు దూరేంత లోతుగా చెక్కిన పెదవి, అంతే.
చేసినవాడెవరో మితభాషి.
చెప్పదలుచుకున్నదంతా మూలల్లో చెప్పి ఊరుకున్నాడు,
పావురాయి తోకల్లా విచ్చుకుని
ఒకదాని వేళ్లలో ఒకటి వేళ్లు పెట్టుకున్న కీళ్లు.
అరవై ఏళ్లైంది.
ఒక్క మేకు లేదు, ఒక్క వేలూ వదల్లేదు.

గరుకు కాగితం నాలుగుసార్లు ఆడిస్తే చాలు
పాత వార్నీషు కింద నుంచి
తోలూ మిరియాలూ కలిసిన వాసన.
చేవ ఇంకా బతికే ఉంది.

ముఖానికి అతికిన పొర మాత్రం
ఒకే దుంగలోంచి, ఒకే కోతలో తీసింది.
సయాం అడవిలో ఎన్ని వానలు తాగిందో
ఆ ఈనెల నది
పై సొరుగులో పుట్టి, రెండోదాంట్లో మలుపు తిరిగి,
మూడోదాంట్లో ఒక ముడి చుట్టూ సుడి తిరిగి
నాలుగోదాంట్లోంచి నేలకి జారాలి.

జారడం లేదు.
కాళ్ల దగ్గరుండాల్సిన నీళ్లు నెత్తి మీదున్నాయి.

సొరుగులు లాగి బోర్లించాను.
పైదాని అడుగున పెన్సిలుతో 4.
కిందిదాని అడుగున 1.

కోపెన్‌హాగెన్ వర్తకుడు ఫోనులో నవ్వాడు.
"ఎవరో మతిలేనివాళ్లు! మార్చి పెట్టు.
నది కుదిరితే ధర రెట్టింపు."

మార్చాను. కుదిరింది.
అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది.
కానీ నాలుగోది తన గూట్లో
గోరుమందం బయటే ఆగిపోయింది.
నెట్టాను. మూలిగింది.
ఏళ్ల తరబడి పై పట్టాల మీద నడిచి
అంచులు ఆ దారికే అరిగాయి.
సొంత ఇల్లు పరాయిదైంది.

అమ్మినావిడ నంబరు రసీదు మీద ఉంది. పేరు బోడిల్.
గొంతులో తొంభై ఏళ్లు, తొందర లేదు.

"ఎయ్‌నార్ నడుం పట్టేసిన చలికాలం అది.
అతని మేజోళ్లు కింది సొరుగులో.
వంగలేడు. అడగడు.
ఒక పొద్దున అతను స్నానానికి వెళ్లాక
సొరుగుని సొరుగులాగే ఎత్తి పైన పెట్టాను,
ఒక్క మేజోడు కదలకుండా.
నాది కిందకి దించాను. నా నడుం అప్పట్లో బాగుండేది."

ఇంకేం చెప్పదేమో అనుకున్నాను.

"చూశాడో లేదో తెలీదు. ఎన్నడూ అనలేదు.
ఆ రోజు నుంచి నిలబడే మేజోళ్లు తీసుకున్నాడు.
పోయాక మళ్లీ మార్చొచ్చు కదా అని
మా మేనకోడలు అంది.
ఎందుకు మార్చడం?"

చిత్రిక చేతికందేంత దూరంలోనే ఉంది.
రెండు తోపులు. రెండు చుట్టల పొట్టు.
నాలుగోది తన గూట్లోకి వెన్నలా జారుతుంది,
నాకు రెండు నెలల అద్దె.

కాఫీ చల్లారింది.
సొరుగులు మళ్లీ లాగాను.
ఒకటోదాన్ని కింద పెట్టి
నాలుగోదాన్ని పైన పెట్టి ఒక్క వేలితో తోశాను.
లోపలి గాలిని మెత్తగా ఒత్తుకుంటూ
అది చప్పుడు లేకుండా మూసుకుంది.
కింద, ఆ గాలికి,
ఆవిడ సొరుగు అంగుళం బయటికొచ్చింది.

నిలబడి మళ్లీ తోశాను. మళ్లీ వచ్చింది.
ఎన్నిసార్లు ఆడానో లెక్కపెట్టలేదు.

తర్వాత బోర్లించి
4 పక్కన, దాన్ని కొట్టెయ్యకుండా,
చిన్నగా 1 రాశాను.

వర్తకుడికి ఫోను చెయ్యాలి.
వాన తగ్గాక.